క్లాడా రేవులో ఎర్ర ఫియట్

"ఇవాళ ఒక్కరోజుకి నీకు పెళ్ళయింది, లోవ్రో," అన్నాడు చీఫ్ మాటెషా, ఫైలు ముందుకు తోస్తూ.

ఫైల్లో నీవెస్ ఫొటో ఉంది. అడ్రియాటిక్ తీరంలో అంత అందమైన డబుల్ ఏజెంట్ మరొకరు లేరు. రెండు దేశాల జీతం తింటుంది, రెండింటికీ నవ్వుతూ వెన్నుపోటు పొడుస్తుంది.

"సెన్యి నుంచి దక్షిణంగా కోస్తా రోడ్డు. కొత్తజంటలా ప్రతి రేవులోనూ ఆగుతారు. పన్నెండుకి కార్లోబాగ్ దాటాక శత్రువుల పడవ వస్తుంది. విదేశాల్లో ఉన్న మన ఏజెంట్ల జాబితా అని చెప్పి నీవెస్ నకిలీ ఫిల్మ్ ఇస్తుంది. తీసుకునేవాళ్ళ మొహాలు నువ్వు చూసి రా."

"అసలు జాబితా?"

"కడగని ఫిల్మ్‌గానే నా సేఫ్‌లో ఉంది. కాపీ లేదు. నీకెందుకంత ఆదుర్దా?"

ఆదుర్దా ఎల్వీరా గురించి. శత్రుదేశపు సైనిక అతిథిగృహంలో బట్టలుతుకుతూ, అధికారుల జేబుల్లో దొరికిన కాగితాలను తొమ్మిదేళ్ళుగా పంపిస్తున్న మనిషి. ఆ పనిలో దింపింది లోవ్రోయే. నీకేం కాదని మాటిచ్చిందీ అతనే. జాబితాలో మొదటి పేరు ఆమెదే. అది చేతులు మారితే ఆమెను గోడకు నిలబెట్టి కాల్చేస్తారు.

పసుప్పచ్చ పూల చొక్కా, గడ్డి టోపీ, మెడలో కెమెరా. తన వేషం చూసుకుంటే లోవ్రోకే ఒళ్ళు మండింది.

"ఏమండోయ్ శ్రీవారూ, కాస్త నవ్వండి. విడాకులకి వెళ్తున్నట్టు ఉంది మీ మొహం," అంది నీవెస్, ఎర్ర ఫియట్‌లో పక్కన కూర్చుని. ఆమె సెంటు వాసనకి లోవ్రో కిటికీ అద్దం పూర్తిగా దించాడు.

మొదటి రేవులో నీళ్ళమీద టూరిస్టుల ఒంటినూనె తేలుతోంది. రాళ్ళ సందుల్లో పుచ్చకాయ తొక్కలు కుళ్ళుతున్నాయి. ఎంత ప్రశాంతంగా ఉందో అని ఓ జంట ఫొటోలు దిగుతోంది. లోవ్రో ఓ తొక్కని పక్కకి తన్నాడు. ఆఫీసువాళ్ళిచ్చిన ట్రాన్స్‌మిటర్ వాచీ నాలుగు నీటి చుక్కలు పడగానే చచ్చింది.

రెండోది లూకొవో. "ఈదండి, ఫొటో తీస్తాను," అంది నీవెస్. మొగుడన్నాక ఈదక తప్పదు. పది బారలు వెళ్ళి వెనక్కి తిరిగేసరికి ఫియట్ కొండ ఎక్కేస్తోంది.

ఒడ్డున తువ్వాలు మీద ఓ లిప్‌స్టిక్ గొట్టం పడి ఉంది. లోపల ఆఫీసువాళ్ళిచ్చిన నకిలీ ఫిల్మ్. అంటే అసలుది ఆమె దగ్గరుంది. సేఫ్ ఆమెకెవరు తెరిచారో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. పొద్దున చీఫ్ కోటు కూడా ఇదే సెంటు కొట్టింది. లోవ్రో ఇసకలో ఉమ్మాడు.

రేవులో చేపలమ్మే టోంకా పిన్ని వ్యానులోకి చేపల పెట్టెలు ఎక్కిస్తోంది.

"పిన్నీ, పోలీసులకి ఫోన్ చెయ్యాలి."

"ఈ రోడ్డుకి ఉన్నది ఇద్దరే, నాయనా. పదకొండుకి తిండికి కూర్చున్నారంటే ఒంటిగంట దాకా దేవుడొచ్చినా లేవరు."

లోవ్రో క్షణం ఆలోచించాడు. "యబ్లానాత్స్ ఫెర్రీ దగ్గర మీవాళ్ళెవరైనా ఉన్నారా?"

"మా మరిది. కార్లు దింపించేది వాడే."

"పక్క మలుపులోనే పోలీసులు కాపు కాశారు, ఎదురొచ్చేవాళ్ళని హెచ్చరించండని ఇటు వచ్చే ప్రతి కారుకీ చెప్పమనండి."

"లేనివాళ్ళని ఉన్నారని చెప్పమంటావా?"

కుళ్ళిన చేప అమ్మమన్నట్టు చూసిందామె. ఆ రోడ్డు మీద పోలీసులుంటే ఎదురొచ్చే కారు రెండుసార్లు హెడ్‌లైట్లు వెలిగించి హెచ్చరిస్తుంది. పెళ్ళాం దగ్గరా, చర్చిలోనూ అబద్ధాలాడేవాళ్ళు సైతం ఆ ఒక్క విషయంలో ఆడరు.

"ఒకావిడ ప్రాణం పోతుంది పిన్నీ. బట్టలుతుక్కుని బతికే మనిషి."

టోంకా చేతిలోని పెట్టె కిందపెట్టింది. హోటల్లోకెళ్ళి ఫోన్ తిప్పింది.

లోవ్రోని ఎక్కించుకుని చేపల వ్యాను దక్షిణానికి దూకింది. ఎదురుగా నలభై కార్లు, ఒక్కొక్కటీ రెండేసిసార్లు లైట్లు. ప్రతి వెలుగుకీ లోవ్రోకి తనమీద తనకే రోత పుట్టింది.

నీవెస్ పుట్టింది కార్లోబాగ్‌లోనే. లైట్లు చూస్తే ఆ ఊరివాళ్ళంతా చేసే పనే ఆమె కూడా చేసింది. దారి ఖాళీ అయ్యేదాకా ఆగుదామని రోడ్డు దిగింది. క్లాడా రేవులో ఎర్ర ఫియట్ కనిపించింది. అయితే ఆమె ఊరికే కూర్చోలేదు. వైర్‌లెస్‌లో పడవని అక్కడికే పిలిచింది.

మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చెయ్యి చాపింది. పడవలోవాడి వేళ్ళు అలాంటిదే మరో లిప్‌స్టిక్ గొట్టానికి తగిలాయి. లోవ్రో గట్టుమీంచి ఇద్దరి మధ్యకీ దూకాడు. గొట్టం లాక్కుని మూత పీకి, ఫిల్మ్ బారెడు బయటికి గుంజాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో అది బూడిదరంగుకి తిరిగి, జాబితా చెరిగిపోయింది. పడవ పొగ కక్కుతూ పారిపోయింది.

"పోలీసులేరీ?" అంది నీవెస్.

"లేరు."

"మరి హెడ్‌లైట్లు?"

"నేనే వేయించాను."

నీవెస్ అతన్ని పురుగుని చూసినట్టు చూసింది. "నేను దేశాన్ని అమ్మాను, ఒప్పుకుంటాను. నువ్వు మరీ ఇంత దిగజారతావనుకోలేదు."

సాయంత్రం చీఫ్ గదిలో, సెంటు వాసన పోవడానికి కాబోలు, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి.

"అదంతా నీకు పెట్టిన పరీక్ష," అన్నాడు మాటెషా, మొహం చూడకుండా. "నీవెస్ మళ్ళీ మన మనిషే."

"ఎల్వీరాని వెనక్కి పిలిపించండి, సార్."

"ఎందుకు? పేరు బయటపడలేదుగా. ఇంకో తొమ్మిదేళ్ళు ఉతుకుతుంది. ఇకమీద ఆమె వ్యవహారం నీవెస్ చూసుకుంటుంది."

లోవ్రో సెల్యూట్ చేసి తిన్నగా పోస్టాఫీసుకి వెళ్ళాడు. 'సబ్బు అయిపోయింది' అని ఎల్వీరాకి టెలిగ్రాం కొట్టాడు. ఉన్నపళంగా పారిపో అని చెప్పడానికి, తొమ్మిదేళ్ళ కిందట వాళ్ళిద్దరి మధ్యే అనుకున్న మాట అది.

శనివారానికి ఎల్వీరా సరిహద్దు దాటింది. ఈ ద్రోహం ఎవడు చేశాడని చీఫ్ మండిపడ్డాడు. ఆ ద్రోహిని పట్టుకునే పనిని, ఆఫీసు మొత్తంలో నమ్మదగినవాడు ఒక్కడేనంటూ, లోవ్రోకి అప్పగించాడు.