తోక బండి వచ్చేదాకా

ఊరి చివర పెట్రోలు బంకు దగ్గర పదకొండు మోటారు సైకిళ్ళు ఆగి ఉన్నాయి. మనుషులు టీ తాగుతూ, టైర్లు తన్ని చూసుకుంటూ, వాన వస్తుందా రాదా అని వాదించుకుంటున్నారు. పన్నెండో బండి వచ్చి ఆగేసరికి వాదన తెగిపోయింది.

బెర్మెట్ హెల్మెట్ తీసింది.

"నిన్నెవరు రమ్మన్నారు?" అన్నాడు ఎల్దియార్.

"రోడ్డు మీ తాతదా?"

"తాతది కాదు. ఇవాళ మాత్రం మా అన్నది."

ఎల్దియార్ అన్న కుబాత్ పోయి ఆ రోజుకి సరిగ్గా ఏడాది. ఏటా వసంతంలో వెళ్ళే అడవి పార్కుకే గుంపంతా మళ్ళీ బయల్దేరుతోంది. అక్కడ దేవదారు చెట్ల కింద కుబాత్ తల్లి బురుల్ పెద్ద వంటపాత్ర ఎక్కించి, అందరికీ భోజనం పెట్టి, పోయినవాడి కోసం దువా చేయిస్తుంది. పిలుపు అందరికీ వెళ్ళింది, ఒక్క బెర్మెట్‌కి తప్ప.

గుంపు పెద్ద తలంత్ పొట్ట సవరించుకుని చప్పట్లు కొట్టాడు. "ముందు నేను. చివర తోక బండి. మలుపు మలుపుకీ ఒకరు నిలబడాలి, తోక బండి దాటేదాకా కదలకూడదు. మనిషి కనబడితే చెయ్యి చూపించిన దారి, కనబడకపోతే తిన్నగా. కొత్తగా చెప్పేదేం లేదు."

కొత్తది కాదు గనకే అందరూ నేల చూపులు చూశారు.

"బెర్మెట్, నువ్వు పదకొండోదానివి. తోక బండికి ముందు."

"అంటే నాకు మలుపు కాపలా పడదన్నమాట."

"పడదమ్మా. అందుకే ఇచ్చా."

"ఏటి దగ్గర దారి చీలికలో నేనుంటా," అన్నాడు ఎల్దియార్, ఎవరి మొహమూ చూడకుండా.

పోయినేడు ఆ చీలిక దగ్గర నిలబడింది బెర్మెట్. వడగళ్ళ వానలో నలభై నిమిషాలు నిలబడి, చివరికి వచ్చేసింది. తోక బండి మీద వస్తున్న కుబాత్‌కి చీలికలో మనిషి కనబడలేదు. దారి మారిందనుకుని తిన్నగా వెళ్ళాడు. తిన్నగా వెళ్తే వంతెన. దాన్ని ఆ ఉదయమే వరద ఎత్తుకుపోయింది.

గుంపుకి తెలిసిన కథ ఇంతే.

ఇవాళ కూడా కొండలు ఎక్కుతుండగానే చినుకులు మొదలయ్యాయి. బెర్మెట్ చీలిక చేరేసరికి ఎల్దియార్ రోడ్డు మధ్య కొయ్యబొమ్మలా నిలబడి కుడివైపు చెయ్యి చూపిస్తున్నాడు. ఆమె కుడికి తిరగలేదు. అతని పక్కనే బండి ఆపింది.

"వెళ్ళు."

"వెనక పంక్చరయింది. చక్రం బిగించుకుని వస్తాడట, నన్ను పొమ్మన్నాడు."

"ఎవరికి?"

"తోక బండికే. టైర్ల కొట్టాయనకి."

అతనికి నవ్వొచ్చింది. వెంటనే నవ్వినందుకు సిగ్గేసింది. ఏడాదిగా ఇంట్లో ఆ పనికి సెలవు.

"నువ్విక్కడ నిలబడక్కర్లేదు. నువ్వెళ్ళి టీ తాగు."

"పోయినేడూ ఇదే మాటన్నావ్."

వాన పెరిగింది. వంతెన వైపు రోడ్డులో హెచ్చరిక బోర్డు ఒకటి నిలబెట్టారు గానీ, గాలికి అది వెల్లకిలా పడి ఆకాశానికి జాగ్రత్తలు చెబుతోంది.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ఎల్దియార్.

"ఏమని?"

"వెనక్కొచ్చి నిన్ను తీసుకెళ్ళింది నేనని. అన్న ఫోన్ చేశాడు, వేరే దారిన వెళ్ళిపోయాడట, పద పద అని నేనే అన్నానని. ఫోనూ లేదు, గీనూ లేదు. వణికిపోతున్నావ్, పెదాలు నీలంగా అయిపోయాయి. అన్నకి దారి తెలుసులే అనుకున్నా."

"మీ అమ్మకి ఇద్దరు కొడుకులు. ఒకడు పోయాడు. రెండోవాణ్ణి నేను లాక్కోనా?"

"నీ పేరెత్తితే అమ్మ తలుపేసేస్తోంది."

"తెలుసు. రెండుసార్లు నా మొహాన్నే వేసింది. గట్టి తలుపే."

అతను హెల్మెట్ అద్దం కిందికి దించుకున్నాడు. దాని వెనక ఏం జరుగుతోందో ఆమె చూడదలచుకోలేదు.

"అంత జాలా నా మీద?" అంది.

"జాలికి ఎవడైనా అన్న పేరు చెప్పి అబద్ధమాడతాడా?"

"మరి?"

"నీకు తెలీదా?"

"తెలుసు. ఆ ముక్క ఆ రోజే ఇక్కడే చెప్పుంటే, గడ్డకట్టి పోయినా సరే నిలబడి వినేదాన్ని. కదిలేదాన్ని కాదు."

ఇద్దరూ తిన్నగా పోయే రోడ్డు వైపు చూశారు.

అప్పుడే వెనక నుంచి పాత తెల్ల కారొకటి దగ్గుకుంటూ వచ్చి ఆగింది. నడుపుతున్నది బురుల్. వెనక సీటు నిండా వంటపాత్ర, మాంసం మూట, నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టెల బుట్ట. అద్దం దించి కొడుకుని మాత్రమే చూసింది.

"ఎక్కరా, తడిసిపోతున్నావ్. ఇంకెవరినైనా పెట్టుకోమను. ఆ పిల్లని మాత్రం పెట్టకండి, అది నిలబడే రకం కాదు."

బెర్మెట్ బండి తాళం తిప్పింది. ఎల్దియార్ దాని మీద చెయ్యేసి ఆపాడు.

"నిలబడిందమ్మా. నేను అబద్ధం చెప్పి తీసుకెళ్ళా."

"ఏంటీ?"

"అన్న వేరే దారిన వెళ్ళాడని చెప్పా. నమ్మి వచ్చింది. తన తప్పేం లేదు. నాది."

బురుల్ ఇంజన్ ఆపింది. వైపర్లు అద్దం మధ్యలోనే ఆగిపోయాయి. కారు దిగి, తలకి కట్టిన తెల్లగుడ్డ తడుస్తున్నా చూసుకోకుండా బెర్మెట్ ముందుకొచ్చి నిలబడింది.

"నిజమా?"

బెర్మెట్ తల ఊపింది.

"ఏడాది నోరు మూసుకున్నావా? ఎవరి కోసం? వీడి కోసమా?"

"వాడి కోసం కొంత," అంది బెర్మెట్. "మిగతాది మీ కోసం."

బురుల్ కొడుకు వైపు తిరిగింది. కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ అతని చేతి తొడుగులు ఒక్కొక్కటే లాగి బెర్మెట్ చేతిలో పెట్టింది. కార్లోంచి ఫ్లాస్కు తెచ్చి టీ ఒంపింది, ఒకటే గిన్నెలో.

"నీకు లేదు," అంది కొడుకుతో. "నీతో మాట్లాడాల్సింది చాలా ఉంది. ఇవాళ కాదు. ఇవాళ పెద్దాడి రోజు." తర్వాత బెర్మెట్‌ని అడిగింది. "ఎంతసేపుండాలి?"

"తోక బండి వచ్చేదాకా అమ్మా."

"అయితే ఉందాం."

ముగ్గురూ నిలబడ్డారు. టీ సగం తాగి బెర్మెట్ గిన్నెని ఎల్దియార్‌కి అందించింది. బురుల్ చూసింది. చూడనట్టు అటు తిరిగింది.

అరగంటకి వానలో నారింజ రంగు చొక్కా కనబడింది. తోక బండి మనిషి తొడుక్కునే చొక్కా. పోయినేడు కుబాత్ ఒంటి మీద ఉన్న రంగే. బెర్మెట్ కుడివైపు చెయ్యి చాపింది. ఆ చేతి పక్కనే ముడతలు పడిన ఇంకో చెయ్యి లేచింది.

"కుడికి!" అని అరిచింది బురుల్. "కుడికి రా నాన్నా! తిన్నగా పోకు, కుడికి రా!"

టైర్ల కొట్టాయనకి యాభై ఏళ్ళుంటాయి. ఆయన ఏమీ అడగకుండా, బుద్ధిగా కుడికి తిరిగాడు.