డబుల్స్ ఎక్కించకూడదు

చోడవరంలో టూ-స్ట్రోక్ బళ్ళు బాగుచేసేవాళ్ళలో నేనొక్కణ్ణే మిగిలాను. గౌరీశంకర్ చెయ్యి పడితే తుక్కు కూడా లేచి కూర్చుంటుందని జనం అంటారు. ఆ మాట నేనూ నమ్మాను. అదే నా కొంప ముంచింది.

మా నాన్న నడిపిన బండి ఆరేళ్ళుగా షెడ్డులో పడి ఉంది. దాని మీద స్కూలుకి తీసుకెళ్ళమని ఎనిమిదేళ్ళ మా చిన్నారి ఒకటే గొడవ. అనకాపల్లిలో పాత సామాన్లమ్మే బడేసాహెబ్ దగ్గర బ్లాకు, పిస్టన్ జతగా దొరికాయి. బిగించే ముందు బోరు గీయించమన్నాడాయన. అంటే పిస్టన్ ఆడే లోపలి గోడని సన్నటి గీతలు పడేలా రుద్దించడం.

"పాత బండి నడక పోవాలి బాబూ," అన్నాడు.

ముసలాయన చాదస్తం అనుకున్నాను. అంత నున్నటి గోడని ఎవడు గీయిస్తాడు? కొత్త రింగులేసి అలాగే బిగించేశాను. ఆ జత ఎవరి బండిదని కూడా అడగలేదు.

అలా కట్టిన ఇంజన్ని మొదటి ఐదొందల కిలోమీటర్లు పసిపిల్లలా చూసుకోవాలి. నలభై దాటకూడదు, మధ్యలో ఆపి చల్లార్చాలి, డబుల్స్ ఎక్కించకూడదు. ఐదొందలు అయ్యాక మొదటి సవారీ నీదేనని చిన్నారికి మాటిచ్చాను.

రోజూ సాయంత్రం రావికమతం దాకా వెళ్ళి వచ్చేవాణ్ణి. తిరుగు దారిలో బుచ్చయ్యపేట దగ్గర చెరకు తోటల పక్కన ఆపి, ఇంజన్ చల్లారేదాకా నిలబడేవాణ్ణి. అక్కడిదాకా తేలిగ్గా వచ్చిన బండి అక్కణ్ణుంచి బరువుగా లాగేది. వెనక స్ప్రింగులు కిర్రుమనేవి. పొగ వాసనలో ఆముదం వాసన కలిసేది. కార్బురేటర్ విప్పి కడిగాను, చైను సరిచేశాను. మర్నాడూ అంతే.

బిగించాక మీటరు మీద నాలుగొందల ఎనభై కిలోమీటర్లు దాటాయి. చిన్నారి నాకు ఎదురు రావడం మానేసింది. పిల్ల అలిగిందని నా భార్య రోజా చెప్పింది. ఆదివారం పొద్దున్న దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాను.

"రోజూ ఆ గుంటని ఎక్కించుకుని వస్తన్నావు కదా. నన్నెందుకు ఎక్కించవు?"

"ఏ పిల్ల?"

"రెండు జడల గుంట. నువ్వు దిగినా అది దిగదు. బండి మీదే ఉంటాది."

నవ్వాలని చూశాను. రాలేదు...

ఆ జత ఎవరి బండిదని బడేసాహెబ్‌కి ఫోన్ చేసి అడిగాను. బుచ్చయ్యపేట దగ్గర చెరకు లారీ కింద పడిన బండట. నడిపిన తండ్రి బతికాడట. వెనక ఎవరున్నారని అడిగితే ఆయన తిరిగి ఒకటే మాట అడిగాడు.

"బోరు గీయించేవా బాబూ?"

వెంటనే ఇంజన్ విప్పేశాను. బ్లాకు, పిస్టన్ గోనెసంచిలో కట్టి, బస్సెక్కి అనకాపల్లి వెళ్ళి ఇచ్చేశాను. బడేసాహెబ్ సంచి ముట్టుకోలేదు, కింద పెట్టమన్నాడు. పీడ వదిలిందనుకున్నాను. ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళైంది.

షెడ్డు తలుపు తీసి ఉంది.

ఇంజన్ విప్పేసిన బండి మీద, సీటు చిట్టచివర చిన్నారి కూర్చుని ఉంది. దాని ముందు సీటంతా ఖాళీ. కానీ వెనక స్ప్రింగులు పూర్తిగా కుంగిపోయి ఉన్నాయి...

"పడిపోతావమ్మా," అన్నాను. "ముందుకి జరుగు."

"ఎక్కడికి జరగను నాన్నా? చోటేదీ?" అంది మెల్లగా. "ఐదొందలు అయిపోయేయంట. ఈ గుంట సెప్పింది."

ఒక్క ఉదుటున ఎత్తుకున్నాను. నా పిక్కకి సైలెన్సర్ తగిలి చురుక్కుమని కాలింది. వెనక్కి చూడకుండా వాకిట్లోకి పరుగెత్తాను. చిన్నారి నా మెడ వాటేసుకుంది. బతికున్న పిల్ల, వెచ్చటి పిల్ల. ఏడుపొచ్చేసింది నాకు. దాని తల నిమిరాను.

చేతికి జిడ్డుగా ఆముదం తగిలింది.

పొద్దున్న రోజా దానికి ఒక్క జడే వేసింది. ఇప్పుడు రెండున్నాయి.