వాన లేని చిత్రం

గాజు గదిలో వాన మొదలైంది.

కప్పుకు బిగించిన గొట్టాల్లోంచి ధారలు దిగుతున్నాయి. మూలనున్న పెద్ద పంకా వాటిని ఏటవాలుగా విసిరికొడుతోంది. నేల మీద మట్టితో చేసిన బుల్లి ఊరు ఒకటుంది: నాలుగు పెంకుటిళ్లు, ఒక బడి, ఒక వంతెన. ఆ ఊరి మీద రెండు విహంగికలు, కెమెరాలు మోసే యంత్రపు పిట్టలు, రెక్కలు గిర్రున తిప్పుకుంటూ గాల్లో నిలబడి ఉన్నాయి. గది బయట రెండు తెరల ముందు నిలుచుని వీరవేణి రెప్ప వేయకుండా చూస్తోంది.

ఎడమ తెర మీద బూడిదరంగు అలుకుడు తప్ప మరేమీ తెలియడం లేదు. కుడి తెర మీద మాత్రం ఒక్క చినుకూ లేదు. పెంకుకీ పెంకుకీ మధ్యనున్న సందు సైతం గీత గీసినట్టు కనబడుతోంది.

"ఇదేటమ్మా, వాన పడతన్నట్టే లేదు!" అన్నాడు పక్కనున్న దొరబాబు. గవ్వలలంక సహకార సంఘానికి ఆయన అధ్యక్షుడు. లంకకు కొత్త విహంగికను ఎంచడానికి వీరవేణిని వెంటబెట్టుకుని ఆ ఉదయమే గోదావరి దాటి రాజమండ్రి వచ్చాడు.

"అదేనండీ స్వాతి గొప్పతనం," అంది దుకాణంలో పనిచేసే లహరి. "ఒక్క చోట నిలబడి వరసగా బొమ్మలు తీస్తుందండీ. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చుకుని చూస్తుంది. నిలకడగా ఉన్నదాన్ని ఉంచుకుంటుంది, కదిలేదాన్ని వాన కింద జమకట్టి తుడిచేస్తుంది. దీన్ని తేటచూపు అంటాం."

"ఆ రెండోదో?"

"అది గిజిగాడండీ. గట్టి పిండం. ఎంత గాలికైనా తట్టుకుంటుంది, స్వాతి కంటే ఎక్కువసేపు ఎగురుతుంది. కానీ ఉన్నది ఉన్నట్టే చూపిస్తుంది. వానుంటే వానే."

దొరబాబు వీరవేణి వైపు తిరిగాడు. "చూపరివి నువ్వు. నాకా కళ్లలో పొరలొచ్చేశాయి. ఏది తీసుకుందామో నువ్వే చెప్పు."

ఆ కాలానికి మనిషి వెళ్లి కళ్లారా చూసి తేల్చే పనులు దాదాపుగా అంతరించిపోయాయి. పొలం హద్దు దగ్గర తగాదా వచ్చినా, ఏటిగట్టుకు గండి పడినా, పంట మునిగినా పైచూపే ప్రమాణం. ఆకాశం నుంచి తీసిన చిత్రంలో ఉన్నది ఉన్నట్టు, లేనిది లేనట్టు. ప్రతి ఊరికీ ఒక విహంగిక, దాన్ని నడపడానికి పరీక్ష నెగ్గిన ఒక చూపరి ఉండేవారు. వరదల్లో ఏ ఊరికి పడవలు పోవాలో కూడా చూపరులు పంపిన చిత్రాలను బట్టే నిర్ణయమయ్యేది. ఆ చిత్రాలన్నిటినీ వడపోత అనే యంత్రం పరిశీలించి, తమంతట తాము నడిచే రక్షణ నావలను ఊరూరికీ పంచి పంపేది. మసకగా ఉన్న చిత్రాన్ని అది పక్కన పెట్టేసేది.

కిందటేడు గవ్వలలంక చిత్రం అలాగే పక్కకు పోయింది. పాత విహంగిక వానలో అలుకుడు తప్ప ఏమీ చూపించలేకపోయింది. నావలు వచ్చేసరికి దొరబాబు తమ్ముడు పశువుల పాకతో సహా కొట్టుకుపోయాడు. అందుకే లంకవాళ్లంతా తలా కొంత వేసుకుని ఈసారి అన్నిటికంటే మంచిది కొనాలనుకున్నారు.

వీరవేణికి నిర్ణయం కష్టమనిపించలేదు. అయినా బాధ్యత గల మనిషి కాబట్టి అన్నీ అడిగింది. గాలి ఊపులో కెమెరా ఎంత నిలకడగా ఉంటుంది? చీకటి పడే వేళ రంగులు ఎలా వస్తాయి? ఎంత దూరం పోతే సంకేతం తెగుతుంది? లహరి అన్నిటికీ జవాబు చెప్పి, స్వాతి తీసిన గోదావరి ఉదయం చిత్రాన్ని గోడ నిండా చూపించింది. ఇసుకతిన్నెల అంచున నీటి ముడతలు పట్టుచీర కుచ్చిళ్లలా ఉన్నాయి. వీరవేణి గోడకు దగ్గరగా జరిగింది. ఆమె చూపరి కావడానికి ముందు నుంచీ బొమ్మల పిచ్చిది. ఇలాంటి కన్ను ఒకటి తన చేతికొస్తే తన లంకను లోకానికి ఎలా చూపించవచ్చో ఆ క్షణంలోనే ఊహించుకుంది.

"తేటచూపు మనం పెట్టుకోవాలా, అదే వస్తుందా?" అని మాత్రం అడిగింది.

"చినుకు పడితే అదే మొదలెడుతుందండీ. మీరసలు పట్టించుకోనక్కర్లేదు."

"స్వాతే తీసుకుందాం బాబాయ్," అంది వీరవేణి.

"ఆయ్, అలాగే," అన్నాడు దొరబాబు. "వానలో కళ్లు కనపడేదే మనకి కావాలి."

ఆ వేసవంతా వీరవేణి తీసిన చిత్రాలను చూసి లంక మురిసిపోయింది. అరటితోటల మీద ఎండ, రేవులో గేదెల బారు, పెళ్లిపడవ వెనక విచ్చుకున్న నీటిదారి. మన లంక ఇంత బాగుంటుందా అని ముసలివాళ్లు తెరను తడిమి చూసేవారు.

శ్రావణంలో ఎగువన గేట్లన్నీ ఎత్తేశారు. తెరిపి లేని వానలు. గవ్వలలంకలో చాలామందిని ముందే ఏటిగట్టు మీది శిబిరానికి చేర్చారు. పశువులను అవతలి గట్టుకు తోలడానికి దొరబాబూ, ఆయనతో పాటు రెండు మూడు కుటుంబాలవాళ్లూ ఆగిపోయారు. మధ్యాహ్నానికి లంకలోని సంకేత స్తంభం కూలి అక్కడి ఫోన్లు మూగబోయాయి. వీరవేణి గట్టు మీది చూపరిగదిలో కూర్చుని స్వాతిని లంక మీదకు పంపింది.

బయట నాలుగడుగుల అవతల మనిషి ఆనవాలు తెలియని వాన. తెర మీద మాత్రం తేరిన కాంతి. ఇళ్లు నడుముదాకా మునిగి ఉన్నాయి. వీధులు ఎర్రటి అద్దంలా ఉన్నాయి. ఆమె ఒక్కొక్క కప్పు మీదా విహంగికను నిలుపుతూ, చూసుకుంటూ పోయింది. ఎక్కడా ఎవరూ లేరు. ఊళ్లో ఎత్తయినది బడి మేడ. దాని మీద ఎవరైనా ఉంటారేమోనని అక్కడ ఆపింది.

డాబా కడిగినట్టు తెల్లగా ఉంది. మెట్ల గది పక్కన మాత్రం పాచి పట్టినట్టు ఏదో మరక కనబడింది. వీరవేణి ముందుకు వంగింది. బొమ్మను పెద్దది చేసింది. సరిగా తేలడం లేదు. ఇంకాస్త సేపు ఆగితే ఇంకా స్పష్టంగా వస్తుందని ఆమెకు తెలుసు. విహంగికను అక్కడే నిలబెట్టింది. నిలబెట్టే కొద్దీ మరక పలచబడింది. చివరికి పూర్తిగా పోయి, సున్నం వేసిన డాబా ఒక్కటే మిగిలింది.

నీడే అయి ఉంటుందనుకుంది. బాబాయ్ వాళ్లు పశువులతో అవతలి గట్టుకు చేరిపోయారనుకుంది. చిత్రాన్ని వడపోతకు పంపింది. వెంటనే జవాబొచ్చింది: *స్పష్టత ఉత్తమం. మనుషులు లేరు.* గవ్వలలంక కోసం గట్టున ఆగి ఉన్న రెండు నావలూ పక్క లంకకు మళ్లాయి.

పొద్దు వాలకముందే బడి మేడ పునాదితో సహా ఏట్లోకి ఒరిగిపోయింది.

నీళ్లు తీశాక దొరబాబు శవం దిగువన ఒక తోటలో ఒండ్రు కింద దొరికింది. మిగతావాళ్లలో కొందరే దొరికారు. ప్రాణాలతో బయటపడింది పశువుల కోసం ఆగిన ఒక ఇంటి ముసలామె చిట్టెమ్మ ఒక్కతే. అరటిబోదెల మోపును పట్టుకుని కొట్టుకుపోతుంటే దిగువ ఊరివాళ్లు లాగారు. ఆమె భర్త, కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు ఆ మేడ మీదే ఉన్నారు.

వీరవేణి శిబిరానికి వెళ్లి ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుంది. చిట్టెమ్మే అడిగింది.

"ఆవేళ అది తిప్పింది నువ్వే కదమ్మా?"

"నేనే పిన్నీ."

"మా నెత్తి మీదకే వచ్చింది."

వీరవేణి తల ఎత్తింది.

"వచ్చి అక్కడే నిలబడిపోయింది. మీ దొరబాబు బాబాయ్ పంచె ఊడదీసి ఊపేడు. మేం చెంగులు ఊపేం. పిల్లలు ఈ చివర్నించి ఆ చివరికి పరిగెడతా గెంతేరు. ఎంతసేపు నిలబడిందనుకున్నావు! వేణి చూసేసింది, ఇంక పడవొచ్చేత్తాది అని నవ్వేడు నీ బాబాయ్. చేతులు పీకేత్తన్నా ఆపొద్దన్నాడు. ఆపలేదమ్మా. అది ఎగిరిపోయినా ఆపలేదు."

ఆమె గొంతులో నింద లేదు. ఏదో తెలుసుకుందామన్నట్టు వీరవేణి ముఖంలోకి చూసింది. "నీకు మేం కనపడలేదా?"

మర్నాడే వీరవేణి రాజమండ్రి వెళ్లింది. దుకాణంలో ఎవరితోనూ ఏమీ మాట్లాడకుండా గాజు గది తలుపు తీసుకుని లోపలికి నడిచింది. "వాన పెట్టు," అంది లహరితో.

"తడిసిపోతారండీ..."

"పెట్టమ్మా."

గొట్టాలు తెరుచుకున్నాయి. స్వాతి పైకి లేచి ఆమె నెత్తి మీద నిలబడింది. వీరవేణి చీర కొంగు చేతిలోకి తీసుకుని ఊపడం మొదలుపెట్టింది. మట్టి ఇళ్ల మధ్య అటూ ఇటూ పరిగెత్తింది, గెంతింది. గాజు గోడలోంచి తెర వైపు చూసింది. తెర మీద మొదట పాచి రంగులో ఒక మరక. తర్వాత అదీ లేదు. నాలుగు పెంకుటిళ్లు, బడి, వంతెన. వాన లేని, మనిషి లేని అందమైన ఊరు.

ఆమె అలిసిపోయి, చేతులు కిందికి వాల్చేసి, గది మధ్యలో కదలకుండా నిలబడిపోయింది. అప్పుడు మెల్లమెల్లగా తెర మీద మనిషి తేలింది. ముందు పాదాలు, తర్వాత తడిసిన చీర, ఆ తర్వాత ముఖం.

బయట లహరి రెండు చేతులతో నోరు మూసుకుంది. వాన ఆగాక ఆ పిల్ల తువ్వాలు పట్టుకుని లోపలికి వచ్చింది. "ఇక్కడెప్పుడూ మనిషి నిలబడలేదండీ. మట్టి ఇళ్లే కదా... వాటినే చూసుకున్నాం," అంది.

వీరవేణి తువ్వాలు తీసుకోలేదు. తను కొనేటప్పుడు వరదకు పనికొస్తుందనే స్వాతిని ఎంచిందా, గోడ మీది గోదావరిని చూసి ఎంచిందా అన్న ప్రశ్న అప్పుడు పుట్టింది.

కదిలినవాళ్లనే స్వాతి తుడిచేసిందన్న సంగతి లంకంతా పాకాక తయారీదారులు తప్పు ఒప్పుకున్నారు. కొత్త బుద్ధి ఎక్కించారు. కదిలేదాన్ని తుడిచేసే యంత్రం ఇప్పుడు కదలికనే వెతుకుతుంది. వానలో చెయ్యి ఊపేవాళ్లను ముందుగా పట్టుకుని, చుట్టూ పచ్చగీత గీసి, నావను పిలుస్తుంది. గాజు గదిలో ఈసారి మనుషులనే నిలబెట్టి చూశారు. వీరవేణి కూడా నిలబడింది. బాగానే పనిచేసింది.

ఆమె చూపరి పని మానేస్తానంది. లంకలో ఆ పరీక్ష నెగ్గినవాళ్లు ఇంకెవరూ లేరు కాబట్టి మానలేకపోయింది. వైశాఖంలో, వరదలు రాకముందే, లంకలన్నిటిలో ఒకసారి వరద కసరత్తు చేయించాలని ఉత్తరువు వచ్చింది. వీరవేణి ఇంటింటికీ తిరిగింది. "అప్పటి స్వాతి కాదిది. రేపు నెత్తి మీదకు రాగానే అందరూ చేతులూపండి. ఎంత ఊపితే అంత బాగా చూస్తుంది," అని ఒక్కొక్కరికీ చెప్పింది. ఎవరూ కాదనలేదు. అలాగేనమ్మా అన్నారు. ఒక ఇంట్లో మజ్జిగ కూడా ఇచ్చారు.

మర్నాడు ఉదయం మబ్బు లేదు, చినుకు లేదు. గట్టు మీది గదిలోంచి వీరవేణి విహంగికను పంపింది. బడి కూలిన చోట ఖాళీ స్థలంలో జనం గుమిగూడి ఉండటం దూరం నుంచే కనబడింది. రెక్కల చప్పుడు వినపడగానే వాళ్లంతా ఒక్కసారిగా నేల మీదకు ఒరిగారు. ఆడవాళ్లు, మగవాళ్లు, చంకబిడ్డల తల్లులు. వెల్లకిలా పడుకుని, చేతులు పక్కలకు చేర్చి, కళ్లు తెరిచి ఆకాశంలోకి చూస్తూ బిగుసుకుపోయారు. ఏడవబోయిన ఒక పసివాడి నోరు తల్లి అరచేత్తో మూసింది. ఆ తర్వాత ఆమె చెయ్యి కూడా కదలలేదు.

తెర మీద పచ్చగీతలు ఎక్కడా పుట్టలేదు. అడుగున అక్షరాలు వచ్చాయి: *ప్రాణంతో ఎవరూ లేరు. నావ అవసరం లేదు.*

వీరవేణి అన్నీ వదిలేసి రేవులోకి పరిగెత్తి పడవెక్కింది. లంకలో దిగి, ఇసుకలో పడుతూ లేస్తూ వాళ్ల మధ్యకు చేరింది. స్వాతి ఇంకా పైన నిలబడే ఉంది. వరసలు వరసలుగా మనుషులు. వాళ్లను దాటుకుంటూ పోయి చిట్టెమ్మ పక్కన మోకాళ్ల మీద కూలబడింది. ఆ ముసలామె పక్కన పక్కింటి పిల్లలు పడుకుని ఉన్నారు. ఊపిరి ఎంత మెల్లగా తీయాలో ఆమే నేర్పినట్టుంది. వాళ్ల పొట్టలు కదలడం లేదు.

"పిన్నీ, లేవండి. అది మారిపోయింది, నేనే చూశాను. ఇలా పడుకుంటే చచ్చిపోయారనుకుంటుంది. పిన్నీ, మీ కాళ్లు పట్టుకుంటాను, ఒక్కసారి చెయ్యి ఊపండి."

చిట్టెమ్మ చూపు ఆకాశం మీంచి మళ్లలేదు. పెదవులు కదిలీ కదలనట్టు పలికింది.

"ఊపేం కదమ్మా."