శాంతి తరఫున జవాబులు

మంగళవారం ఉదయం అమర్‌నాథ్ ఇంటి ముందు డ్రైవ్‌వేలో మంచు తోసి లోపలికి వచ్చేసరికి శాంతి కాఫీ పెట్టి, తను మాత్రం తాగకుండా కుర్చీలో కూర్చుని ఉంది. ఉతికిన బట్టల బుట్ట బేస్‌మెంట్ మెట్ల మధ్యలోనే ఆగిపోయింది. అతను దాన్ని చూశాడు, పైకి తెచ్చి పెట్టాడు, భార్యను ఏమీ అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది కదా.

శాంతికి రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయింది, మూడు వారాలకోసారి కీమో నడుస్తోంది. ఆరింటిలో మూడు అయ్యాయి, నాలుగోది రేపు. ట్రాయ్ ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా కార్ల బ్రేకులు పరీక్షిస్తున్న అమర్‌నాథ్‌కి ఏ పనీ అనుకున్న తేదీ దాటకూడదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం. ఆ మొండితనంతోనే భార్యను ఇంతవరకు లాక్కొచ్చాడు, అది ఒప్పుకోవాలి. కానీ ఇంట్లో ఏ నొప్పికైనా కీమో అని ఒకటే పేరు పెట్టేశాడు. శనివారం శాంతి మెట్ల మీద నిలబడిపోయి, ఛాతీలో ఎవరో పిడికిలి బిగించినట్టుందని, నొప్పి దవడ దాకా పాకుతోందని చెబితే, కీమో వల్ల గ్యాస్ అని మాత్ర ఇచ్చాడు. కాసేపు కూర్చుంటే తగ్గింది కాబట్టి తన మాటే నిజమనుకున్నాడు. ఆమె తండ్రి యాభై రెండేళ్ళకే గుండెపోటుతో పోయిన సంగతి అతనికి గుర్తు రాలేదని కాదు, రానివ్వలేదు.

కీమోకి ముందురోజు క్యాన్సర్ సెంటర్ నుంచి నర్సు ఫోన్ చేస్తుంది. స్పీకర్ పెట్టి అమర్‌నాథే మాట్లాడతాడు. శాంతికి ఇంగ్లీషు రాక కాదు, ఆమె ఇరవై ఏళ్ళు స్కూల్ లైబ్రరీలో పనిచేసింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ బ్యాంకులోనైనా, డాక్టర్ దగ్గరైనా ఆమె తరఫున అతను మాట్లాడటం అలవాటు. దాన్ని ఇద్దరూ ప్రేమ అనే అనుకున్నారు.

ఆ మంగళవారం, ముందురోజే షికాగో నుంచి వచ్చిన కూతురు రియా కూడా టేబుల్ దగ్గరుంది. జ్వరం ఉందా అని అడిగింది నర్సు. లేదన్నాడు అమర్‌నాథ్. వాంతులూ లేవన్నాడు. ఛాతీలో నొప్పిగానీ ఆయాసంగానీ ఉందా అని అడిగింది.

"నో, షీ ఈజ్ ఫైన్," అన్నాడు.

రియా ఫోన్ మ్యూట్ చేసింది.

"నాన్నా, పొద్దున అమ్మ స్టెయిర్స్ మీద ఆగిపోయింది. నేను చూశాను. ఆ బాస్కెట్ నువ్వే తెచ్చావ్."

"కీమో అంటే అలాగే ఉంటుందమ్మా. ఇప్పుడు అవునంటే రేపటిది క్యాన్సిల్ చేస్తారు. మధ్యలో ఆపితే అది మళ్ళీ రావచ్చు."

 రియా మ్యూట్ తీసి ఫోన్‌ను తల్లి ముందుకు జరిపింది.

"అమ్మా, నువ్వు చెప్పు."

శాంతి ముందు భర్త ముఖం చూసింది. తర్వాత ఫోన్ వైపు వంగి, మెట్లెక్కితే నొప్పి వస్తోందని, కూర్చుంటే తగ్గేదని, ఈ పొద్దున మాత్రం కూర్చున్నా తగ్గలేదని వరసగా చెప్పింది. నర్సు గొంతు మారిపోయింది. కార్‌లో తీసుకురావద్దని, అంబులెన్స్ కోసం వెంటనే నైన్ వన్ వన్‌కి ఫోన్ చేయమని చెప్పింది.

ఆస్పత్రిలో చూస్తే, గుండె రక్తనాళం ఒకటి దాదాపు పూడిపోయి ఉంది. మధ్యాహ్నానికల్లా స్టెంట్ వేశారు. క్యాన్సర్ వచ్చిందని గుండె జబ్బు మర్యాదగా పక్కకు తప్పుకోదని, కొన్ని కీమో మందులు గుండెకు ఇంకాస్త భారం కూడా కావచ్చని గుండె డాక్టర్ చెప్పింది. కీమో కొన్ని వారాలు వాయిదా పడుతుంది. ఇకమీదట క్యాన్సర్ డాక్టర్, తనూ కలిసి చూసుకుంటామంది. అమర్‌నాథ్ అంతగా భయపడ్డ వాయిదా ఇంతే.

రియా కాఫీకి వెళ్ళాక అమర్‌నాథ్ మంచం పక్కన కూర్చున్నాడు.

"నేను అలా చెప్పకుండా ఉండాల్సింది," అన్నాడు.

"మీరు చెప్పకపోతే నేనే లేదని చెప్పేదాన్నండీ. నాలుగోది అయితే సగం దాటినట్టే అంటూ క్యాలెండర్ చూసుకునేవారు. అప్పుడు మీ ముఖం చూసి, మళ్ళీ నొప్పి వస్తోందని చెప్పడానికి నాకు నోరు రాలేదు."

అమర్‌నాథ్ తల వంచుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆమెకు ధైర్యం ఇస్తున్నాననుకున్నాడు. తన ధైర్యం నిలబెట్టడానికి ఆమె గుండెనొప్పినే మింగేసింది. కళ్ళ నీళ్ళు ఆగలేదు, ఆపాలనీ అనిపించలేదు.

"నువ్వు పోతావేమోనని భయంగా ఉంది శాంతీ," అన్నాడు. జబ్బు బయటపడ్డాక ఆ మాట అనడం అదే మొదలు.

"నాకూ భయంగానే ఉంది," అంది శాంతి.

స్టెంట్ కోసం గొట్టం ఎక్కించిన కుడి చెయ్యి కదపొద్దన్నారు. ఆమె ఎడమ చెయ్యి చాచింది.