లోపలి గుండీ

"ఈ మధ్యాహ్నం రాయబారిని చంపబోతున్నారు," అన్నాడు చీఫ్, కాఫీ చల్లబడిందని విసుక్కున్నంత మామూలుగా.

ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌ను ఆఫీసులో అందరూ 'నీడ' అంటారు. పక్కనే నిలబడినా కంటికి ఆనడు కనుక.

"కాల్పుల విరమణ ఒప్పందం మీద ఆయన సంతకం పడితే యుద్ధం ఆగిపోతుంది. ఆయుధాలు అమ్ముకునే విదేశీ ముఠాకి కడుపు మండదూ? ముఠాలో చేరిన మన గాయని కబురు పంపింది. హంతకుడు మన ఆఫీసు మనిషే. డబుల్ బ్రెస్టెడ్ కోటులో వస్తాడు."

"హాల్లో సగం మంది ఆ కోటే వేసుకుంటారు సార్."

"అందుకే నిన్ను పంపిస్తున్నా. ఆ కోటు గుట్టు నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

తెలుసు. నేర్పింది మేనమామ. తల్లీ తండ్రీ లేని మేనల్లుణ్ణి కూతురితో సమానంగా పెంచి, ఇదే ఉద్యోగంలో పెట్టించిన మనిషి. ఏజెంట్లకు వేషాలు నేర్పుతాడు కనుక ఆఫీసుకంతా ఆయన 'మేస్టారు'. మొదటి మిషన్‌కు ముందు నీడను అద్దం ఎదుట నిలబెట్టి, కోటు తొడిగి పాఠం చెప్పాడు.

"ఈ కోటుకి ఒక రెక్క మీద ఇంకో రెక్క వస్తుంది. ముందు లోపలి గుండీరా. బయటి గుండీలు జనం కోసం, లోపలిది కోటు కోసం. అది పెట్టలేదనుకో, లోపలి రెక్క జారిపోయి అంచు కింద నాలుకలా వేలాడుతుంది. తర్వాత బయట నడుం దగ్గరిది. కూర్చున్నా సరే విప్పకు, విప్పావంటే దుప్పటి కప్పుకున్నట్టుంటావ్. అన్నిటికంటే కింది గుండీ మాత్రం వదిలెయ్."

"ఎందుకు మామయ్యా?"

"ఊపిరాడొద్దూ?"

గుమ్మంలో నిలబడిన మరదలు పొట్ట పట్టుకుని నవ్వింది. "బావ అచ్చం బ్యాండు వాయించేవాడిలా ఉన్నాడు నాన్నా!"

ఆ మధ్యాహ్నం సంతకం జరగాల్సిన హోటల్ హాల్లో పూలకంటే పోలీసులే ఎక్కువగా ఉన్నారు. ఆకుపచ్చ పట్టు గౌనులో గాయని మెట్లు దిగుతుంటే గ్లాసులు అందించేవాళ్ళు కూడా పని మరిచిపోయారు. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటుంది. ఆమె జీతం మాత్రం చీఫ్ ఇస్తాడు.

"ఇక్కడ గాలి ఆడటం లేదు," అంది నీడ పక్కన ఆగి, కోడ్ ప్రకారం.

"కిటికీలు తెరిపిస్తాను."

"హంతకుడెవరో నాకూ చెప్పలేదు," ఆమె గొంతు తగ్గించింది. "ఊరి చివర ఇంట్లో ఎవర్నో బంధించారు. ఆ మనిషిని అడ్డం పెట్టుకునే ఈ పని చేయిస్తున్నారు. నేను అక్కడికే వెళ్తున్నా."

ఆమె వెళ్ళిపోయింది. నీడ ముఖాలు చూడలేదు, కోటు అంచులు చూశాడు. అతని లెక్క సులువైనదే. చంక కింద తుపాకీ పెట్టుకున్నవాడు లోపలి గుండీ పెట్టడు. పెడితే తుపాకీ తియ్యడానికి ముందు కోటుతో కుస్తీ పట్టాలి. ముందు వరసలో ఒకడు గుండీలన్నీ విప్పుకుని కూర్చున్నాడు కానీ, అది పొట్ట చేసిన నేరమే.

రాయబారి కుర్చీ వెనక, నల్ల కోటు అంచు కింద లోపలి రెక్క వేలాడుతోంది.

నీడ తలెత్తి చూశాడు. మామయ్య.

రక్షణ సలహాదారుగా ఆయన అక్కడ నిలబడటంలో వింతేమీ లేదు. ఆ గుండీ మరిచిపోవడమే వింత. జ్వరంలో కూడా మరిచిపోని మనిషి! వయసు మీద పడిందేమో, అనుకున్నాడు నీడ. అలా అనుకోవాలని ఎంత ఆశపడ్డాడో అతనికే తెలుసు. వాళ్ళిద్దరి మధ్య హాలంతా ఉంది. మామయ్య అతన్ని చూశాడు. కోటు బయటి గుండీని ఒక వేలితో తట్టి, ఆనాడు అద్దం ముందు ఊపినట్టే తల ఊపాడు.

రాయబారి కలం అందుకున్నాడు. మామయ్య చెయ్యి వీపు వెనక్కి వెళ్ళి, తుపాకీతో తిరిగొచ్చింది.

నీడ కాల్చాడు.

జనం కుర్చీల కింద దూరారు. నీడ పరుగెత్తి మామయ్య తలను ఒళ్ళోకి తీసుకున్నాడు. ఆయన వంకరగా ఉన్న మేనల్లుడి కాలర్ సరిచేయబోయాడు. చెయ్యి సగంలోనే పడిపోయింది. నీడ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కాస్సేపటికి రాయబారి సంతకం పెట్టాడు.

మామయ్య శవాన్ని పక్క గదికి చేర్చాక, చీఫ్ ఆ కోటు బయటి గుండీని కోసి రెండు ముక్కలు చేశాడు. లోపల మైక్రోఫోన్. మామయ్య మాట్లాడే ప్రతి మాటా ముఠా వింటూ వచ్చింది.

"తుపాకీ నడుం వెనకాల ఉంది," అన్నాడు చీఫ్ మెల్లగా. "చంక కింద ఏమీ లేదు. మరి లోపలి గుండీ ఎందుకు విప్పినట్టు?"

నీడకు అప్పటికే తెలిసిపోయింది. నోరు తెరిచి చెప్పలేని మనిషి మేనల్లుడికి మాత్రమే అర్థమయ్యేలా చెప్పుకున్నాడు. నన్ను ఆపరా, అని.

తలుపు తెరుచుకుంది. చిరిగిన పట్టు గౌనులో గాయని, ఆమె భుజం ఆసరాగా మరదలు. ఆఫీసు పని మీద ఇంకో ఊళ్ళో ఉందని నీడ అనుకుంటున్న మరదలు.

"మైక్‌లో తుపాకీ మోత విని కాపలావాళ్ళు పారిపోయారు," అంది గాయని. "తుపాకీ పేలకపోయుంటే పిల్లను చంపేసి వెళ్ళేవాళ్ళే. రాయబారి చచ్చాడు, పని పూర్తయిందనుకున్నారు."

మరదలు తండ్రి దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఆయన కోటు సర్దింది. ముందు లోపలి గుండీ. నడుం దగ్గర కోసేసిన గుండీ చోట ఒక పిన్ను. బావ ముఖం చూడకుండానే అడిగింది.

"నువ్వేనా బావా?"

"నేనే."

ఆమె చెయ్యి అన్నిటికంటే కింది గుండీ మీదికి వెళ్ళింది. నీడ ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అది వదిలెయ్," అన్నాడు. "ఊపిరాడొద్దూ?"