మూడో పిలుపు

కోటగిరి నుంచి బోధన్ పోయే తొవ్వల పాత చెరుకు కాటా ఉన్నది. ఇప్పుడక్కడ చెరుకూ లేదు, తూకమూ లేదు. బండ్లు ఎక్కే ఇనుప పలక తుప్పు పట్టింది. పక్కన రేకుల గది ఒక్కటి మిగిలింది. పొద్దుగూకినంక ఆ కాటా కాడ ఎవ్వరూ బండి ఆపరు. ఆపమని నేను గూడ చెప్ప.

ఎందుకంటరా... పెంటవ్వ.

చెరుకు బండ్లు బారులు తీరి తెల్లందాక తూకానికి ఆగే రోజులవి. అందరికీ నిద్ర రాకుండ, చెరుకు బండితోని వచ్చే పెంటవ్వ పాటలు పాడేదట. ఓనాడు గాలివానకు బండి మీది చెరుకంత ఆమె మీద కూలింది. ఆ మోపుల కిందికెల్లి పక్క బండి మనిషిని పేరువెట్టి పిలిచింది... మల్ల పిలిచింది. పాట పాడుతున్నదనుకున్నరు. మూడోసారి పిలువనీకి పాపం ఊపిరి లేదు.

అప్పటిసంది ఆ గదికెల్లి పాట వినవస్తదని, మనిషిని పేరువెట్టి పిలుస్తదని, కాని రెండుసార్లకు మించి పిలువదని చెప్తరు. అందుకే మా దిక్కు ఉగ్గుపాలతోనే నేర్పుతరు – చీకట్ల ఎవరు పిలిచినా మూడో పిలుపుకు గాని పలుకొద్దని.

నిఖితకు గూడ వాళ్ల అవ్వ భూమవ్వ గిదే నేర్పింది. భూమవ్వ బీడీలు చేస్తది. బిడ్డేమో పాట నేర్చుకుంటది. హైదరాబాద్‌ల ఒక పాటల బృందం వాళ్లు గొంతు పరీక్ష పెట్టిండ్రు. నెగ్గినోళ్లను ఎండకాలమంత వెంట తిప్పుతరు – నాందేడ్, పండరిపురం, కొల్హాపూర్, ఆఖరుకు గోవా. ఆ పిల్ల సముద్రం చూసింది లేదు. ఇసుకల నడవనీకని కొత్త చెప్పులు గూడ కొనుక్కున్నది. భూమవ్వ ఒక్కటే మాట అన్నదట, ఈ ఒక్కసారి పోయి రా, తీసుకోకపోతే మాత్రం పాట పక్కకువెట్టి నాతోని బీడీల చాట ముందట కూసోవాలె అని.

పరీక్ష తెల్లారితే ఉన్నది. రాత్రి బస్సుకు బోధన్ పోదామని పొద్దుగూకంగ లింగం ఆటో ఎక్కింది. సరిగ్గా కాటా ముందట టైరు పంచరైంది. స్పేర్ టైరు చూస్తే అదీ పంచరే. లింగం తల కొట్టుకొని, ఆటోల నుంచి దిగొద్దని చెప్పి, టైరు పట్టుకొని పాల బండి ఎక్కి పోయిండు.

దిగొద్దనుకుంటే దిగకుండ ఉంటమా... గాలి లేచింది. వాన కొట్టింది. ఆటో పరదాలు ఎగిరిపోయినయి. నిఖిత బ్యాగు సంకల పెట్టుకొని గదిలకు ఉరికింది.

వెనుక తలుపు దడేల్మన్నది. బయటి గొళ్లెం... టక్కున పడ్డది.

గుంజింది. నూకింది. ఇనుప తలుపు, ఇంచు కదలలేదు. గోడకు ఎత్తు మీద చిన్న కిటికీ, దానికి చువ్వలు. ఫోన్ల చార్జింగంత పొద్దంత పాట వినుడుకే అయిపోయింది. లోపల తడి మట్టి వాసన, ఎప్పటిదో చెరుకు పిప్పి వాసన. పిల్ల పై ప్రాణాలు పైనే పోయినయి.

శానా సేపటికి రేకుల మీద వాన చప్పుడు నడుమ...

“నిఖితా...”

నోరు తెరిచింది. అవ్వ మాట యాదికొచ్చి నోరు మూసుకున్నది.

“నిఖితా...”

రెండు. మూడోది రావాలె. గోడకు ఆనుకొని కళ్లు మూసుకున్నది. మూడోది రాలేదు. అటెనుక ఆటో స్టార్టయిన చప్పుడు వచ్చింది. వాన చప్పుడుల టైరు బిగించుడు వినవడలే, పిలిచింది లింగమన్న! పిల్ల ఇంకేదో బండెక్కి పోయిందనుకున్నడు. ఆ కాటా కాడ నిలవడి మూడోసారి పిలిచే ధైర్యం లింగానికి మాత్రం ఏడిది?

ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఇట్ల కాదనుకున్నది. అరుద్దామంటే గొంతు పోతదని భయం. పరీక్ష ముందట అరవొద్దని, అరుపు కంటె పాట దూరం పోతదని సంగీతం టీచరు చెప్పింది. సరేనని పైస్థాయిల ఒక ఆలాపన ఎత్తుకున్నది.

పాట నిజంగనే దూరం పోయింది. ఎదురుంగ వస్తున్న మోటరు సైకిల్ ఒక్కసారి ఆగి, రయ్యిమని మలుపుకొని పోయింది. వెనుక లారీ మెల్లగైంది. “అరే బాప్‌రే...” అని మరాఠీల ఎవరో అన్నరు. అదీ పోయింది. అప్పుడు అర్థమైంది నిఖితకు. బయట ఉన్నోళ్లకు పాడుతున్నది తాను గాదు, పెంటవ్వ. ఎంత మంచిగ పాడితే అంత జల్ది పారిపోతరు.

బస్సు టైమైతున్నది. సముద్రం, పాట, అన్నీ ఈ గదిలనే అయిపోతయనిపించింది.

అప్పుడు ఒక మోపెడ్ ఆగింది. ఫోన్ వచ్చినట్టుంది. “ఆఁ, నర్సన్ననే మాట్లాడుతున్న... కల్లంల పసుపు తడిసింది, పరదా కప్పవోతున్న...”

పేరు దొరికింది. మూడుసార్లు పిలిస్తే మనిషినే అని తెలుస్తది. దెయ్యం మూడోసారి పిలువదు గద!

“నర్సన్నా...”

బయట మాట ఆగిపోయింది. మోపెడ్ కిక్కు కొడుతున్నడు. మల్ల కొడుతున్నడు.

“నర్సన్నా...!” ప్రాణమంత పెట్టి అరిచింది. అక్కడ గొంతు చిరిగింది. మూడోసారికి నోరు తెరిస్తే గాలే వచ్చింది. మోపెడ్ స్టార్టయింది. అయిపోయింది ఇంక... తలుపుకు నుదురు ఆనిచ్చి కూలవడ్డది.

మోపెడ్ చప్పుడు ఆగింది.

అడుగులు. మెల్లగ, భయం భయంగ. గొళ్లెం తీసిన చప్పుడు.

“ఎవరి బిడ్డవే నువ్వు?”

నర్సన్న మంచోడు. పసుపు పోతే పోయిందని బండెక్కించుకొని బోధన్‌ల బస్సు కాడ దించిండు. నిఖిత ఎక్కి కిటికీ కాడ కూసోని దండం పెట్టింది. బస్సు కదులుతుంటే ఆయన పక్కపొంటి నడుసుకుంట అన్నడు.

“మూడోసారి పిలిసినవు గాబట్టి ఆగిన బిడ్డా. లేకుంటే పోదును. ఆఖరు సారి ఎంత నిమ్మళంగ పిలిసినవు... పాట లెక్క.”

తాను పిలువలేదని చెప్పనీకి ఆమెకు గొంతు లేదు.

తెల్లారి గొంతు సగమే తెరుసుకున్నది. ఆ జీరతోనే పాడింది. ఏడనో ఉన్న ఎవరితోనో కలిసి పాడినట్టు పాడిందట. తీసుకున్నరు.

టూరుకు పోయేనాడు మాపటికి మల్ల లింగం ఆటోనే. కాటా కాడ ఆపమన్నది. లింగం మొత్తుకున్నడు. నిఖిత వినలే. కొత్త చెప్పులతో పోయి ఆ తలుపు ముందట నిలవడ్డది.

“పెంటవ్వా... సముద్రం సూడవోతున్న.”

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“పెంటవ్వా...”

గాలి గూడ లేదు. నిఖిత నవ్వుకున్నది. పెంటవ్వ గూడ మా దిక్కు మనిషే గద.

“పెంటవ్వా...”

“ఓ...” అని పలికింది లోపలికెల్లి.