నీలం రంగు కింద

"ఆ బ్రష్ తీసెయ్యండి! తలుపుకి తగిలిందంటే ఊరుకోను!"

సత్యశ్రీ కేక విజయవాడ వన్‌టౌన్‌లోని ఆ సందు చివరిదాకా వినిపించింది. నీలం ఎనామిల్ డబ్బా ముందు గొంతుక్కూర్చున్న దేవేంద్ర ఉలిక్కిపడ్డాడు.

"మీరెవరండీ?"

"ఈ తలుపుకున్న పాత రంగు వదిలించడానికి వచ్చాను. శివపార్వతిగారు రమ్మన్నారు."

శివపార్వతి చేనేత సంఘం అధ్యక్షురాలు, దేవేంద్రకి మేనత్త. సంఘం ఆ పాత మండువా ఇంటిని కొని చీరల షోరూమ్‌గా మారుస్తోంది. పని చూస్తున్న ఇంజినీరు దేవేంద్ర.

"ఓపెనింగ్ దగ్గరపడిందండీ. దీని మీద ఎన్ని కోటింగులున్నాయో చూశారా? కింద చెక్క మిగిలిందో లేదో!"

"మిగిలింది. చూపిస్తాను."

కొల్లేటి ఒడ్డున పడవలు బాగుచేసే ఎల్లారావు కూతురామె. తండ్రి దగ్గర ఉలి పట్టింది. పాత చెక్కపనికి ప్రాణం పోయడం హైదరాబాదులో నేర్చుకుంది. హీట్ గన్‌తో రంగును మెత్తబరిచి బ్లేడుతో లాగుతుంటే నీలం కింద ఆకుపచ్చ, దాని కింద తెలుపు పొట్టులా రాలాయి. ఒక మధ్యాహ్నం తేనెరంగు టేకు, దాని మీద చెక్కిన మొగ్గల తీగ బయటపడ్డాయి.

"అమ్మో, ఇంత అందమా!" అన్నాడు దేవేంద్ర, తలుపు వంక కాక ఆమె వంక చూస్తూ.

సత్యశ్రీకి నవ్వొచ్చింది. ఆ నవ్వులో హీట్ గన్ ఒక్కచోటే ఉండిపోయింది. తీగ కొస నల్లగా కాలింది.

ఆమె చటుక్కున గన్ ఆపేసింది. "మీరు పక్కనుంటే నా చెయ్యి నిలవట్లేదు. దయచేసి వెళ్ళండి."

అతను వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఉప్పు కాగితంతో ఎంత రుద్దినా మచ్చ పోలేదు. అయినా సత్యశ్రీ పళ్ళ బిగువున మిగతా తలుపంతా శుభ్రం చేస్తూనే ఉంది.

ఆ పైరోజు ముసురులో చెక్కలతో ఒక ఆటో వచ్చి ఆగింది. దేవేంద్ర తడుస్తూ దిగాడు. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"కొత్త తలుపు చేయిస్తున్నారా? నేనుండగా జరగదు."

"కొత్తది కాదండీ బాబూ! మైలవరంలో పాత ఇల్లు కూలుస్తున్నారంటే వెళ్ళాను. దీంతో కలిసే టేకు. మచ్చ చోట అతుకు వేస్తారని..."

"మరి కనపడలేదేం?"

"వెళ్ళమన్నారుగా!"

"కోపంతో అన్నాననుకున్నారా?" అనేసి సత్యశ్రీ నాలుక కరుచుకుంది.

దేవేంద్ర వానలోనే నిలబడి ఆలోచించాడు. మెల్లగా అతని ముఖం వెలిగింది.

కాలిన ముక్క తొలిచి, టేకు అతికించి, తీగ కొసని ఆమె మళ్ళీ చెక్కింది. తేమలో లక్క పాలిష్ వేస్తే తెల్లబారుతుంది. ముసురు వెలిసేదాకా ఇద్దరూ అరుగు మీద కూర్చుని కబుర్లాడారు. ఎండ రాగానే చెరో రెక్కా పట్టుకుని, గుడ్డ ఉండతో పాలిష్ రుద్దారు.

శివపార్వతి వచ్చి తలుపుని తడిమింది. ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"తలుపు బ్రహ్మాండం. ఒరే దేవా, అమ్మాయి ఇంట్లో ఎవరితో మాట్లాడాలో కనుక్కో. మీ నాన్నకి నేను చెప్తాలే."

"అత్తయ్యా! నేనింకా ఆవిడనే అడగలేదు!"

సత్యశ్రీ చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది.

"నాన్నా, ఆదివారం ఒకాయన్ని ఇంటికి తీసుకొస్తున్నా. పడవ పని మీద కాదు." దేవేంద్ర వైపు తిరిగింది. "చేపల పులుసు తింటారా అని అడుగుతున్నాడు."

"తింటానని చెప్పండి... వద్దు, ఫోన్ ఇటివ్వండి," అన్నాడు దేవేంద్ర, చెయ్యి చాపి. "నేనే చెప్తాను."